మెట్లు దిగితే వెనక్కి పిలవని దుకాణం

ఇల్లందు బజారులో మాది బట్టల దుకాణం. ఈ మధ్య వచ్చే గిరాకీ చీర ధర కన్నా ముందు ఇంకో ధర అడుగుతోంది.

"మీ బిడ్డను గంత దూరం, గంత పెద్ద యూనివర్సిటీకి తోలితివి గద భాయ్, గిట్టుబాటు అయితదా?"

అడిగేవాళ్ళ ఇంట్లో ఇంటర్ చదివే పిల్ల తప్పకుండా ఉంటుంది. జవాబు కోసం వాళ్ళు నా మొహంలోకి చూసే చూపు నాకు బాగా తెలుసు. కొంగు వేళ్ళ మధ్య పెట్టి నలుపుతూ, ఇది రంగు పోతదా పోదా అని చూసే చూపు. నేను వెంటనే ఇంకో చీర విప్పి పరుస్తాను. బట్టల వ్యాపారి 'నాకు తెలియదు' అనే మాట దుకాణంలో అనకూడదు. అంటే, పక్కవాడికి తెలుసేమో అని అటు పోతారు.

ఇది రాసే చోట గిరాకీ లేదు కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను.

ముందు మా దుకాణం మెట్ల గురించి చెప్పాలి. మా దుకాణం రోడ్డు కన్నా ఎత్తు. చెప్పులు కింద విడిచి, మెట్లెక్కి, తెల్ల పరుపు మీద కూర్చోవాలి. బేరం కుదరకపోతే గిరాకీ లేచి మెట్లు దిగుతుంది. అక్కడే ఉంది అసలు విద్య. మా అబ్బా, అంటే మా నాయన, నాకు గజం కర్ర చేతికిచ్చిన రోజే చెప్పాడు: "గిరాకీ లేస్తే భయపడకు. మెట్లు దిగినా భయపడకు. ఒక కాలు చెప్పులో పెట్టి, రెండో చెప్పు కోసం కాలితో దేవులాడుతుంటది చూడు, అప్పుడు పిలువు. ముందే పిలిస్తే నువ్వు లోకువ. రెండో చెప్పు తొడిగిందా, అది పక్క దుకాణం గిరాకీ."

ఈ ఒక్క సూత్రం మీద మా ఇల్లు గడిచింది. నేను కొనేవాడినైనప్పుడు కూడా ఇదే సూత్రం. కూరగాయల దగ్గర లేస్తాను, ఆటో దగ్గర లేస్తాను, కిరాయి ఇల్లు మాట్లాడేటప్పుడు లేస్తాను. ఒకసారి దవాఖానాలో ఫీజు ఎక్కువని టోకెన్ పట్టుకుని లేచాను. కాంపౌండరు వెనక్కి పిలిచాడు. ఫీజు తగ్గించడానికి కాదు, టోకెన్ ఇచ్చి పొమ్మని.

మా దుకాణంలో 'ఏక్ దామ్', ఒకటే ధర, అని బోర్డు కూడా ఉంది. దాన్ని చూసి నోరు మూసుకున్న గిరాకీని నేను ఇంతవరకు చూడలేదు. బేరం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికే ఆ బోర్డు.

మా అమ్మాయి ఖమ్మంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివింది. పరీక్షలు అయిపోయి ఇంటికొచ్చాక ఒక రోజు ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది. ఉత్తరాదిన ఎక్కడో పెద్ద పేరున్న యూనివర్సిటీ. అందులో సీటొచ్చింది. నాకు చెప్పకుండానే అప్లై చేసింది, వ్యాసం రాసింది, ఇంటర్వ్యూకి మేడ మీద కూర్చుని మాట్లాడింది. ఆ రోజు ఎవరితోనో ఇంగ్లీషులో గొడవ పడుతోందనుకున్నాం.

ఫోనులో యూనివర్సిటీ ఫోటోలు చూపించింది. పిల్లలు గడ్డి మీద వెల్లకిలా పడుకుని పుస్తకాలు చదువుకుంటున్నారు. మా ఊళ్ళో పట్టపగలు గడ్డి మీద అట్లా పడుకుంటే ఎవరో ఒకరు అంబులెన్సుకి ఫోన్ చేస్తారు.

"ఏం చదువు బేటీ?" అన్నాను.

"మొదటి ఏడాది అన్నీ కొంచెం కొంచెం చదవాలె అబ్బా. చరిత్ర, లెక్కలు, ఎకనామిక్స్, నాటకాలు. తర్వాత మనకేది నచ్చితే అది."

పక్కన స్టీలు సామాన్ల సేటు ఉన్నాడు. అతని కొట్టుకీ మా దుకాణానికీ మధ్య ఒక్క గోడ. ఆ గోడకి రెండు వైపులా మేం ఒకరి మాట ఒకరం వింటూ పెద్దవాళ్ళమయ్యాం.

"అంటే కట్ పీసులన్నమాట," అన్నాడు సేటు. "నిండు తాను ధరకి కట్ పీసులు అమ్ముతున్నరు భాయ్. గట్టోళ్ళు."

"అంకుల్, మీ ఇంట్ల అన్న బీటెక్ తాను మొత్తం కొన్నడు గద, ఏం కుట్టించిండు?" అంది మా అమ్మాయి.

సేటు కొడుకు బీటెక్ పూర్తి చేసి గోడ అవతల గిన్నెలు తూకం వేస్తున్నాడు. సేటు ఏమీ తడబడలేదు. "ఏం కుట్టియ్యకున్నా ఇంటికాడున్నడు బిడ్డా. మాల్ పోయి ఏడనో పడలే గద."

నాకు మాత్రం ఆ యూనివర్సిటీ మీద వ్యాపారిగా గౌరవం కలిగింది. మేం వచ్చిన గిరాకీని పట్టుకోవడానికి చాయ్ తెప్పిస్తాం, ఫ్యాను అటు తిప్పుతాం, ఏడ్చే పిల్లవాడికి బిస్కట్ ఇస్తాం. వాళ్ళు వచ్చిన గిరాకీలో చాలామందిని గుమ్మంలోనే వెనక్కి పంపుతారట. ఎంతమందిని పంపితే అంత గొప్ప పేరట. లోపలికి రానిచ్చిన కొద్దిమంది, రానిచ్చారు కదా అని, చెప్పిన ధర కట్టి కన్నీళ్ళు పెట్టుకుంటారట. మా అబ్బా బతికి ఉంటే ఈ దుకాణం పెట్టినవాళ్ళ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకునేవాడు.

ఫీజు వినగానే నేను మాత్రం పరుపు మీద కొంచెం వెనక్కి జరిగాను.

"ఫీజు తగ్గిస్తరు అబ్బా. మన పరిస్థితి చూసి. వీడియో కాల్ చేస్తరు, దుకాణం చూపియ్యమంటరు, ఉన్నది చెప్పాలె, గంతే."

గంతే అంది. వాళ్ళు ఫోన్ చేసిన రోజు ఆమె సర్టిఫికెట్ల కోసం ఖమ్మం పోయింది.

ఇక్కడ మా బజారు పద్ధతి ఒకటి చెప్పాలి. సూరత్ నుంచి టోకు వ్యాపారి ఏజెంటు వచ్చే రోజు ముందు, మేం అరల్లో ఖాళీ అట్ట డబ్బాలు మూతలు పెట్టి పేరుస్తాం. పైనుంచి కిందిదాకా దుకాణం పండగలా నిండుగా కనిపిస్తుంది. నిండుగా ఉన్న దుకాణానికే సరుకు అప్పు మీద దిగుతుంది. ఏజెంటు పోయాక కూడా వెనక వరస డబ్బాలు ఏళ్ళ తరబడి అరల్లోనే ఉండిపోతాయి. ఎవరి దగ్గర డబ్బాలు తక్కువైతే వాళ్ళు పక్కవాళ్ళ దగ్గర అడుక్కుంటారు. ఏజెంటుకీ తెలుసు. అతని తండ్రికీ తెలుసు. అయినా డబ్బా మూత తెరిచి చూసిన మర్యాద లేని మనిషి ఇంతవరకు రాలేదు.

ఆ రోజు యూనివర్సిటీ నుంచి ఫోనులో ఒక అమ్మాయి. హైదరాబాదు పిల్లే, తెలుగు బాగానే మాట్లాడుతోంది. "అంకుల్, షాపు ఒకసారి చూపిస్తారా?" అంది.

కొత్త మనిషి దుకాణం చూపించమంటే నా చేతులు నా మాట వినవు. "ఒక్క నిమిషం అమ్మా" అని ఫోను బోర్లా పెట్టి, అటక మీది డబ్బాలు కూడా దించి అరల్లో పేర్చేశాను. గోడ అవతల నుంచి సంగతి విన్న సేటు ఉరికొచ్చాడు. "మా కొట్టు గూడ చూపియ్యి భాయ్. బిడ్డ ఇజ్జత్ సంగతి, పరువు పోవద్దు." ఫోను పట్టుకుని మా పరుపు మీద మొదలుపెట్టి, సేటు కొట్టులో బిందెల వరస చివరిదాకా నడిచాను.

"ఇదంతా మీదేనా అంకుల్?"

"దేవుడి దయ అమ్మా."

"ఫీజు విషయంలో ఇబ్బంది ఏమైనా..."

"ఇబ్బందా? మాకా?" అని నవ్వాను. పిల్లనిచ్చే ఇంట్లో అడిగినట్టు అడుగుతోంది, అట్లాంటి చోట లేదని ఎవడంటాడు? పెట్టేశాక సేటూ నేనూ చాయ్ తాగాం. పని బ్రహ్మాండంగా అయిందనుకున్నాం.

అనుకున్నంత బ్రహ్మాండంగానే అయింది. వచ్చిన జవాబులో ఫీజు తగ్గించింది గిరాకీకి సంచి ఊరికే ఇచ్చినంత. మా అమ్మాయి ఆ జవాబు చదివి, నన్ను చూసి, మెల్లగా అడిగింది: "అబ్బా, ఏం చూపించినవ్?"

చెప్పాను.   ఆమె లోపలికి పోయి, మెడిసిన్ కోచింగ్ పుస్తకాలు తీసి దుమ్ము దులపడం మొదలుపెట్టింది. డాక్టరు చదువు ఆమెకి ఇష్టం లేదని మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. మా ఇంటావిడ నా ముందు అన్నం పెట్టి, కూర పెట్టకుండా పోయింది.

"సీటు ఉందా పోయిందా?" అన్నాను ఆ కూర లేని కంచం ముందే.

హైదరాబాదులో తల్లిదండ్రుల కోసం మీటింగు పెడుతున్నారనీ, ఆ రోజు సాయంత్రం లోపల సరే అనకపోతే సీటు ఇంకొకరికి పోతుందనీ లోపలి నుంచి జవాబొచ్చింది.

"ఆఖరి రోజు అన్నరంటే బేరానికి రమ్మని పిలిచినట్టే," అన్నాను. "క్లియరెన్స్ సేల్ మాట. నేను మాట్లాడుత. నువ్వు చూడు."

మీటింగు పెద్ద హోటల్లో. మేడ మీద హాలు, ఏసీ, టేబుళ్ళు, నీళ్ళ సీసాలు. ఫోనులో చూసిన అమ్మాయే మా టేబుల్ దగ్గర కూర్చుంది. మా అమ్మాయి నా పక్కన. చుట్టూ ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు, వాళ్ళ వెనక నిద్రమొహాల పిల్లలు.

నేను నెమ్మదిగా మొదలుపెట్టాను. "అమ్మా, పొద్దున్నే వచ్చినం. బోణీ బేరం. ఆఖరి మాట చెప్పు."

"అంకుల్, ఫీజు ఫిక్స్‌డ్."

"మా దుకాణంలో గూడ అదే బోర్డు ఉంది."

ఆమె నవ్వింది. బేరంలో అవతలివాళ్ళు నవ్వితే సగం పని అయినట్టు. నేను గొంతు తగ్గించి, బొగ్గు బావుల్లో మనుషులు తగ్గారని, బోనస్ పంచినప్పుడు తప్ప గిరాకీ లేదని, ములకలపల్లి వైపు ఊళ్ళవాళ్ళు కూడా ఇప్పుడు ఫోనులోనే చీరలు తెప్పించుకుంటున్నారని చెప్పుకొచ్చాను. అన్నీ నిజాలే. నా నోట్లో నుంచి నిజాలు కూడా బేరం మాటల్లాగే వస్తాయి.

ఆమె ల్యాప్‌టాప్ కొంచెం నా వైపు తిప్పింది. "అంకుల్, నేనే రాసుకున్నాను కదా. పెద్ద బట్టల షోరూము, పక్కనే గృహోపకరణాల విభాగం. ఇబ్బంది లేదన్నారు."

స్టీలు బిందెల వరస కళ్ళ ముందు తళతళ మెరిసింది. పక్క టేబుల్ దగ్గర ఖమ్మం మిర్చి కమీషన్ వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. మా బజారుకు వస్తూ పోతూ ఉండే మనిషి. చెవి ఇటే పెట్టాడు. ఇప్పుడు ఆ డబ్బాలు ఖాళీ అంటే, నేను ఇల్లందు చేరే లోపల ఆ మాట నాకన్నా ముందు చేరుతుంది.

నాకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాను. లేచాను.

"సరే అమ్మా. మాకు గిట్టదు," అన్నాను. కుర్చీ చప్పుడయ్యేలా వెనక్కి జరిపాను. నీళ్ళ సీసా తీసుకున్నాను, అది మాకిచ్చిందే కాబట్టి. మెల్లగా తలుపు వైపు నడిచాను. ఎంత మెల్లగా అంటే, వెనక్కి పిలవాలనుకునే మనిషి ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, పక్కవాళ్ళని సలహా అడిగి మరీ పిలవచ్చు.

పిలవలేదు.

తలుపు దాటాను. లిఫ్టు ముందు నిలబడ్డాను. లిఫ్టు వచ్చింది. ఎక్కకపోతే బాగుండదని ఎక్కాను. కింద హాల్లో పెద్ద సోఫాలు, కృత్రిమ పూలు. ఒక సోఫాలో కూర్చుని నీళ్ళు తాగాను. అప్పుడు చూసుకున్నాను. బూట్లు వేసుకునే ఉన్నాను. విడిచింది లేదు, తొడగాల్సింది లేదు. ఎక్కడ పిలవాలో వాళ్ళకి తెలిసే దారే లేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే గమనించాను. మా అమ్మాయి నా వెనక రాలేదు.

మా బజారులో దిగిన మెట్లు పిలవకుండా మళ్ళీ ఎక్కిన మనిషికి ఇంక బేరమే లేదు. చెప్పిన ధర కట్టి, తల దించుకుని పోవాలి. నా యాభై ఏళ్ళ వయసులో ఆ పని చేయలేదు. లిఫ్టులో అద్దం ఉంది, ఆ మనిషి వైపు చూడకుండా నిలబడి పైకి పోయాను.

ఇద్దరమ్మాయిలూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఆ అమ్మాయి లేచింది.

"ఏమైనా మర్చిపోయారా అంకుల్?"

"అవ్. మా బిడ్డను."

ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. "మీరు లేచినప్పుడు పిలుద్దామనే అనుకున్నాను అంకుల్. కానీ మీరు బూట్లతో ఉన్నారు. ఎప్పుడు పిలవాలో అర్థం కాలేదు."

మా అమ్మాయి టేబుల్ వైపు చూస్తోంది. సీటు కోసం రాసిన వ్యాసంలో 'ఇంట్లో నేర్చుకున్నదేమిటి' అని అడిగితే, మా అబ్బా సూత్రం మొత్తం రాసిచ్చిందట. మెట్లు, పరుపు, కాలితో దేవులాడడం, అన్నీ. మూడు తరాల వ్యాపార రహస్యం. దాన్ని చూసే సీటిచ్చారట.

"ఇంకేం చెప్పినవ్?" అన్నాను.

"డబ్బాలు ఖాళీ అని చెప్పిన. స్టీలు మనది కాదని గూడ."

గట్టిగానే చెప్పింది. పక్క టేబుల్ మిర్చి వ్యాపారి పుణ్యాత్ముడు, నీళ్ళ సీసా మీది అక్షరాలు చదవడంలో మునిగిపోయాడు.

ఆ అమ్మాయి అంది: "మళ్ళీ ఒకసారి చూస్తాం అంకుల్. అప్పటిదాకా సీటు ఉంచుతాం. ఉన్నది ఉన్నట్టు చూపించండి చాలు."

బస్సులో ఖమ్మం దాటిందాకా మిర్చి వ్యాపారి ఎవరెవరికి చెబుతాడో లెక్కపెట్టాను. ఆ తర్వాత కూడా లెక్కపెట్టేవాడినే గానీ, ఆకలేసింది. "ఇజ్జత్ మొత్తం తీసుకపోయి టేబుల్ మీద పెట్టినవ్," అన్నాను.

"నువ్వు ఫోన్ల పెట్టినవ్, నేను టేబుల్ మీద పెట్టిన," అంది పల్లీల పొట్లం చాపుతూ.

సంగతి విన్న సేటు వెంటనే కొత్త ఉపాయం తీశాడు. "అయితే ఈసారి ఉల్టా. నీ మాల్ మొత్తం గోడ ఇవతల మా కొట్ల పెడదాం. నువ్వు పాత లుంగీ కట్టుకుని, గడ్డం గీక్కోకుండ కూసో. పూరా ఫీజు మాఫ్ చేస్తరు."

నిజం చెప్పాలంటే నాకు నచ్చింది. రెండు మూటలు మోసుకుని గోడ దాకా పోయాను కూడా. మా అమ్మాయి మెట్ల మీద అడ్డంగా నిలబడింది.

"ఆమె ఈసారి మూత తెరవమంటది అబ్బా. నీ మొహం మూత గూడ."

మూటలు వెనక్కి మోశాను.

ఉన్నది ఉన్నట్టు చూపించడం అంటే ఏమిటో మా బజారులో ఎవరికీ తెలియదు, అందుకే నేను సగం దినం తంటాలు పడ్డాను. ఖాళీ డబ్బాలన్నీ దించి వెనక పడేశాను. అరల వెనక గోడ బయటపడింది. అబ్బా వేయించిన ఆకుపచ్చ రంగు, డబ్బాలున్న చోట ఇంకా కొత్తగా ఉంది. నిండా ఉన్నాయనుకున్న అరల్లో మిగిలినవి కొన్ని చీరల కట్టలు, జాకెట్ ముక్కలు, లుంగీలు, పోయిన ఏడాది అమ్ముడుపోని స్కూలు యూనిఫాం గుడ్డ. నేను కూడా చాలాకాలం తర్వాత నా దుకాణం చూశాను.

రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు. "ఏంది భాయ్, దుకాణం ఎత్తేస్తున్నవా?" చండ్రుగొండ నుంచి వచ్చిన ఒకామె బయట చెప్పులు కూడా విడవకుండా లోపలికి తొంగి చూసి, "సగం ధరకిస్తున్నరా?" అంది. మధ్యాహ్నానికి సూరత్ ఏజెంటు ఫోను. కుశల ప్రశ్నలు అడిగాడు. అతను ఎన్నడూ కుశలం అడగడు.

వీడియోలో ఆ అమ్మాయి ఎక్కువసేపు చూడలేదు. పచ్చ గోడ చూసింది, నన్ను చూసింది. నేను లెక్కలు చెప్పబోయి, చెప్పలేక ఖాతా పుస్తకం తెరిచి ఫోను ముందు పెట్టాను.  లేనిది చెప్పడానికి అలవాటు పడిన నోరు, ఉన్నది చెప్పడానికి మొరాయించింది.

ఫీజు బాగా తగ్గింది. మొత్తం కాదు. నేను జీవితంలో మొదటిసారి, అవతలివాళ్ళు చెప్పిన ధరకే సరే అన్నాను. ఇంకొక మాట అని ఉంటే ఇంకొంచెం తగ్గేదేమో అన్న అనుమానం ఇప్పటికీ అన్నం తినేటప్పుడు గొంతులో తగులుతుంది. సూరత్ నుంచి సరుకు ఇప్పుడు మునుపటంత రాదు. వచ్చినదానికి ముందే కట్టాలి. సేటు నాకు రెండు డజన్ల ఖాళీ డబ్బాలు ఊరికే ఇస్తానన్నాడు. వద్దన్నాను. తీసుకుని ఉండాల్సింది అని మా ఇంటావిడ అభిప్రాయం.

అందుకే అడిగినవాళ్ళకి ఏం చెప్పను? మా పిల్ల ఫోన్ చేసినప్పుడు సంతోషంగానే ఉంటుంది. తోటి పిల్లల్లో కొందరికి చెప్పులు విప్పి పరుపు మీద కూర్చునే దుకాణం ఉంటుందని తెలియదట. ఆమె చెబితే క్లాసంతా విన్నారట. మా దుకాణం గురించి వినడానికి మేమే ఫీజు కడుతున్నాం! సేటు కొడుకు ఇంటి దగ్గర ఉన్నాడు, రోజూ తండ్రితో కొట్లాడుతున్నాడు. ఏది గిట్టుబాటో నేను తేల్చలేను. చీర సంగతైతే, ఒకసారి ఉతికి చూడు అక్కా అంటాను. బిడ్డ సంగతి అట్లా అనలేం.

మా అమ్మాయి ఊరు విడిచిన రోజు మాత్రం గుర్తుంది.

బస్సు వేళ దగ్గర పడింది. దుకాణంలో చెప్పి పోదామని వచ్చింది. మా ఇంటావిడ సంచి పట్టుకుని రోడ్డు మీద నిలబడింది. సేటు తన కొట్టు ముందుకొచ్చాడు. మా అమ్మాయి, ఉత్తరాదిన చలి ఎక్కువని కొత్తగా కొన్న తాళ్ళ బూట్లు కింద విడిచి, పైకొచ్చి, పరుపు మీద కాసేపు కూర్చుంది. పచ్చ గోడ చూసింది. లేచింది. మెట్లు దిగింది.

ఆఖరి మెట్టు మీద కూర్చుని ఒక బూటు వేసుకుంది. తాళ్ళు ముడి పడలేదు. మళ్ళీ విప్పింది, మళ్ళీ కట్టింది. రెండో బూటు ఎవరి కాలో తగిలి మెట్ల పక్కనున్న బల్ల కిందికి పోయింది. తల వంచకుండా, కాలితో దేవులాడుతోంది.

పిలవడానికి గిరాకీ ఇంత సమయమివ్వడం నేను చూడలేదు. సేటు నా వైపు చూశాడు. రోడ్డు మీద నుంచి మా ఇంటావిడ చూసింది. ఏ క్షణంలో పిలవాలో మా అందరికీ తెలుసు. అందరికన్నా బాగా మా అమ్మాయికి తెలుసు, ఊరు కాని ఊరికి రాసి పంపింది. కాలు అట్లాగే ఆడిస్తూ, తలెత్తి నా మొహం చూసింది.

నేను గొంతు సవరించుకున్నాను. గజం కర్ర తీసుకుని మెట్లు దిగి, వంగి, బల్ల కింద నుంచి ఆ బూటుని లాగి ఆమె కాలి దగ్గరికి నెట్టాను.

"జల్దీ కానీ," అన్నాను. "బస్సు పోతది."